సి.పి. బ్రౌన్: తాళపత్ర సేకరణ, సూచీకరణము

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, ప్రాచ్యభాషాభిమాని. ఆయన 1812లో మరణించగా కుటుంబం ఇంగ్లండు చేరింది. బ్రౌన్ హెయిలీబరీ కళాశాలలో శిక్షణ పొంది 1817లో మద్రాసుకు వచ్చి, వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు నేర్చుకున్నాడు. 1820లో కడప కలెక్టరుకు సహాయకుడుగా నియుక్తుడైనాడు. మైదుకూరు మొదలైన ప్రాంతాల ప్రజల వాడుకభాష ఆయన చెవిన పడినది ఈ కొలువులోనే.

1824లో అబ్బే దుబాయి గ్రంథం ద్వారా వేమన పేరు తెలిసి, ఆ పద్యాల ప్రతులకై అన్వేషణ ఆరంభించాడు. ప్రతి ఊరి ప్రతిలోనూ పద్యాల సంఖ్య వేరు, క్రమం వేరు, పాఠం వేరు. ఏ పద్యం ఏ ప్రతిలో ఉన్నదో, ఏది పునరుక్తమో తేల్చనిదే ముద్రణకు పూనుకొనుట అసాధ్యం. 1829లో 693 పద్యాలతోనూ, 1839లో 1164 పద్యాలతోనూ వెలువడిన వేమన సంపుటాల వెనుక ఈ పోల్చిచూచే శ్రమ ఉన్నది.

1826లో తిరిగి కడపకు వచ్చిన బ్రౌన్ విశాలమైన తోటతో కూడిన బంగళాను కొన్నాడు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి పర్యవేక్షణలో పండితులు, లేఖకులు అక్కడ పనిచేశారు. జీతాలు బ్రౌన్ సొంత సొమ్ము నుండి వెళ్ళేవి; అందుకై అప్పులపాలు కూడా అయ్యాడు. ఒకే కావ్యానికి పెక్కు ప్రతులు తెప్పించి, పాఠాలను సరిచూపించి, కాగితంపై శుద్ధప్రతి వ్రాయించడం అక్కడి పద్ధతి.

ఈ పనిలోని చిక్కు నేటి గ్రంథాలయాలలో నియతకాలికాలకు సూచి వ్రాసేవారికి సులభంగా బోధపడుతుంది. పత్రికకు సంచిక సంచికకూ వేరు పత్రం వ్రాయరు. శీర్షిక ఒకచోట నిలిపి, ఆరంభ సంపుటి, సంవత్సరం, లోపించిన సంచికలు, పేరు మారితే పూర్వాపర నామాలు దాని కింద చూపుతారు. తాటాకు కట్టల స్థితి ఇంతకంటె జటిలం. భారత పర్వాలు వేర్వేరు కట్టలలో చెదరి ఉంటాయి. ఒకే కట్టలో సంబంధంలేని నాలుగు గ్రంథాలు చేరి ఉంటాయి. మొదటి ఆకులు శిథిలమైతే ఆశ్వాసాంత గద్య చదివి కృతినామం, కర్తృనామం తెలుసుకోవాలి. పై పేరు మాత్రమే చూచి జాబితా వ్రాస్తే లోపలి గ్రంథం ఉండీ లేనట్లే.

ఈ లోపానికి నిదర్శనం ఆయనకు లండనులోనే కనబడింది. 1834లో ఉద్యోగం కోల్పోయిన బ్రౌన్ స్వదేశం వెళ్ళి, ఇండియా హౌస్ గ్రంథాలయంలో హెచ్.హెచ్. విల్సన్ సాహచర్యంలో దక్షిణభారత వ్రాతప్రతులను పరిశీలించాడు. జాన్ లేడెన్ సేకరించగా, 1811లో అతని మరణానంతరం కంపెనీ వశమైన ప్రతులవి. ఆ లిపులు చదువగలవారు అక్కడ అరుదు కనుక అవి ఉపయోగానికి రాక మూలపడి ఉన్నాయి. వాటిని గుర్తించి, మద్రాసుకు తరలించాలని అధికారులను ఒప్పించడం బ్రౌన్ జీవితంలో నిఘంటువుతో సమానమైన కార్యం. నిరుద్యోగకాలంలో, ఏ పదవీ బలమూ లేకుండా సాధించినందున మరింత గణనీయం. ఈ విధంగా మద్రాసుకు చేరిన గ్రంథాల సంఖ్య 2106.

1837లో ప్రభుత్వ పారశీక అనువాదకుడుగా బ్రౌన్ మరల మద్రాసుకు వచ్చాడు. తెలుగు భాషాసాహిత్యాలపై ఆయన వ్యాసం మద్రాసు లిటరరీ సొసైటీవారి పత్రికలో 1839-40లలో భాగాలుగా వెలువడింది. 1833లో ఆరంభమై, మధ్య మధ్య ఆగి మరల మరల వెలువడిన ఆ పత్రిక సంపుటాలను వరుసగా నమోదు చేయని గ్రంథాలయంలో ఆ వ్యాసభాగాలు రెండూ ఒక పాఠకుని చేతికి రావడం కష్టం. తాను సేకరించిన వ్రాతప్రతులను బ్రౌన్ ఆ సొసైటీకే అప్పగించాడు. 1844లో వసుచరిత్ర, 1851లో జూలూరి అప్పయ్య వ్యాఖ్యతో మనుచరిత్ర, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ప్రకటించాడు.

మెకంజీ, లేడెన్, బ్రౌన్ సంచయాలు మూడింటికీ విలియం టేలర్ 1857 నుండి 1862 వరకు మూడు సంపుటాల వివరణసూచి ప్రచురించాడు. దానిలో దోషాలు, క్రమభంగాలు ఉన్నవని తర్వాతి పండితులు ఎత్తిచూపిన మాట సత్యమే; అయినా ముగ్గురి కృషి ఒక జాబితాలో చేరడం అదే ప్రథమం. 1869లో ఏర్పడిన మద్రాసు ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారానికి ఈ మూడు సంచయాలే పునాది.

ఉద్యోగ విరమణానంతరం బ్రౌన్ లండను చేరి, 1865లో లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడైనాడు. 1866లో తన సాహిత్యజీవితాన్ని స్వయంగా సంగ్రహించి ప్రకటించాడు. 1884 డిసెంబరు 12న లండనులో మరణించాడు. కడపలో శిథిలమైన ఆయన బంగళా స్థలంలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి కృషివల్ల గ్రంథాలయం వెలసింది. అది తర్వాత యోగి వేమన విశ్వవిద్యాలయం పరిధిలోకి వచ్చింది. అక్కడి భాషా పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫీయతులను సంపుటాలుగా ప్రచురించింది.