కరువు నేలకు గొంతునిచ్చిన విద్వాన్ విశ్వం

వజ్రకరూరు: తొలకరి చినుకులు పడగానే వజ్రాల కోసం పొలాల్లో జనం వెతుకులాడే ఊరు వజ్రకరూరు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షం కూడా దక్కని ఈ మెట్ట ప్రాంతంలో రైతుకు చినుకే వజ్రం. ఇక్కడి రైతు వెతలను తెలుగు పాఠకలోకం ముందుంచిన పాత్రికేయుడు, కవి విద్వాన్ విశ్వం.

ఆయన అసలు పేరు మీసరగండం విశ్వరూపాచారి. 1915 అక్టోబరు 21న అనంతపురం జిల్లా తరిమెలలో జన్మించారు. సంస్కృతాంధ్రాలలో పాండిత్యం గడించి విద్వాన్ పట్టా పొందారు. ఆ పట్టాయే ఆయన పేరులో భాగమైపోయింది.

సంప్రదాయ సాహిత్యంలో ఆరితేరినా ఆయన దృష్టి సమకాలీన సమాజం మీదనే నిలిచింది. అదే గ్రామానికి చెందిన తరిమెల నాగిరెడ్డితో కలిసి అనంతపురంలో నవ్యసాహిత్యమాలను స్థాపించి అభ్యుదయ గ్రంథాలను ప్రచురించారు. రెండో ప్రపంచ యుద్ధం ప్రజల ఆర్థిక జీవనంపై చూపే ప్రభావాన్ని వివరిస్తూ నాగిరెడ్డి రాసిన పుస్తకం 1940లో ఆంగ్ల ప్రభుత్వ ఆగ్రహానికి గురైంది. ధరలు, పన్నులు, పంటల గురించి సామాన్యునికి అర్థమయ్యేలా చెప్పడమే నాడు నేరమైంది. ఆ రోజుల్లో విశ్వం కూడా కారాగారవాసం అనుభవించారు.

అనంతరం పత్రికారంగమే ఆయన జీవితమైంది. హైదరాబాదులో అడవి బాపిరాజు సంపాదకత్వంలోని మీజాన్ దినపత్రికలో పనిచేశారు. 1952లో మద్రాసు నుంచి ఆరంభమైన ఆంధ్రప్రభ సచిత్ర వారపత్రికను తీర్చిదిద్దారు. మాణిక్యవీణ శీర్షిక ఆయనకు విశేష పాఠకాదరణ తెచ్చిపెట్టింది. కాదంబరి, కథాసరిత్సాగరం వంటి సంస్కృత గ్రంథాలను తేట తెలుగులో అందించారు.

1950 దశకంలో వెలువడిన పెన్నేటి పాట కావ్యం ఆయన కీర్తికి శిఖరం. పేరుకు నది అయినా ఇసుకమేటలే మిగిలిన పెన్న, ఒకప్పుడు ఆసాములుగా బతికి కూలీలుగా మారిన కుటుంబాల దైన్యం అందులో వస్తువు. గణాంకాలకు అందని కరువు బాధను రంగడు, గంగమ్మ అనే దంపతుల కథలో చూపారు. జిల్లా యాసకు, జన జీవనానికి కావ్యగౌరవం కల్పించారు.

విశ్వం 1987 అక్టోబరు 19న కన్నుమూశారు. ఆ తర్వాత కాలువలు, జలాశయాలు కొంతమేర నీరందించినా, వాననే నమ్ముకున్న చేలు జిల్లాలో నేటికీ అనేకం. పంట ఎండిన ప్రతి ఏటా పెన్నేటి పాట ఇక్కడి వారికి పాత పుస్తకంగా కాక సొంత కథగానే తోస్తుంది. జిల్లాలోని విద్యార్థులు ఈ కావ్యాన్ని చదివితే తమ నేల చరిత్ర వారికి తెలిసివస్తుంది.