మాటల మాస్టారు గిడుగు

ఏటా ఆగస్టు 29న మన స్కూళ్ళలో తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. అది గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు. ఆయన మన జిల్లా మనిషే.

1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. 1875లో తండ్రి పోవడంతో విజయనగరంలో మేనమామ గారింట ఉండి మహారాజా వారి స్కూల్లో చదువుకున్నారు. గురజాడ అప్పారావు గారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1880లో, పదిహేడేళ్ళకే, ముప్పై రూపాయల జీతానికి పర్లాకిమిడిలో టీచరయ్యారు.

చుట్టుపక్కల కొండల్లో సవరలు మాట్లాడే భాషకు అప్పటికి లిపి లేదు. ఆ భాష వచ్చిన మనిషిని ఇంట్లోనే ఉంచుకుని నేర్చుకున్నారు. కొండలెక్కి సవర గూడేలకూ వెళ్ళారు. మాట చివర గొంతులోనే ఆగిపోయే శబ్దాలు ఆ భాషలో ఉన్నాయి. మన తెలుగులో అవి లేవు. అలాంటి ప్రతి శబ్దాన్నీ చెవితో పట్టి రాసుకోవాల్సిందే. ఆ తిరుగుళ్ళలోనే మన్యం జ్వరం పట్టింది. దానికి మింగిన క్వినైన్ వల్ల చెవుడొచ్చింది, జీవితాంతం ఉండిపోయింది. శబ్దాలు పట్టే మనిషికి చెవే దెబ్బతిన్నా పని ఆపలేదు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి.

జనం మాట్లాడే తెలుగే బడిలోనూ ఉండాలని వాదించి పండితులతో ఏళ్ళ తరబడి తలపడ్డారు. 1919లో 'తెలుగు' పత్రిక పెట్టారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలవగానే ఆ ఊరు విడిచి రాజమండ్రి చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

తల్లిదండ్రులుగా ఈ జీవితం నుంచి మనం తీసుకోదగ్గవి రెండున్నాయి.

మొదటిది, మాటకు మూలం చెవి. పిల్లలకు మాట స్పష్టంగా రాకపోతే నాలుక కింద పొర అంటుకుందని, కోయించేయాలని పెద్దలు తొందరపెడతారు. దీన్నే టంగ్‌టై అంటారు. ఆ పొర పొట్టిగా ఉన్న పిల్లలు చాలామంది చక్కగానే మాట్లాడతారు. నాలుక కొన పైకి లేవాల్సిన ల, ర, ట, డ, ళ లాంటి శబ్దాలు కొందరికి కష్టం కావచ్చు. అంతేగాని, మాటలు ఆలస్యంగా రావడానికి అది కారణం కాదు. కాబట్టి ముందు వినికిడి పరీక్ష చేయించండి, స్పీచ్ థెరపిస్టుకు చూపించండి. కోత అవసరమా కాదా అన్నది ఆ తర్వాత డాక్టరు చెబుతారు.

రెండోది, యాస లోపం కాదు. బిడ్డ 'ఏటి' అన్నా, 'గుంటడు' అన్నా నాలుక మందమని కాదు; అది మన ఇంటి తెలుగు. ఇంట్లో సవరో ఒడియానో మాట్లాడే పిల్లలకు తెలుగు పలుకు కాస్త వేరుగా ఉండొచ్చు. అదీ జబ్బు కాదు. నలుగురిలో వెక్కిరిస్తే బిడ్డ నోరు విప్పడమే మానేస్తుంది. ఓపిగ్గా వినండి, మాట పూర్తి చేయనివ్వండి. అనుమానముంటే క్లాస్ టీచరుతో మాట్లాడండి.