మన షోలాపూర్ డాక్టర్.. చైనాలో కే దిహువా

హోట్గి రోడ్ (షోలాపూర్): పన్నెండో తరగతి ఫలితాలు వచ్చాయంటే ఇక్కడి మగ్గాల ఇళ్లల్లో ఒకటే చర్చ. అమ్మాయిని నర్సింగ్‌లో చేర్చాలా, ఫార్మసీలోనా? అబ్బాయికి నీట్‌లో మార్కులు తగ్గాయి, ఇంకో ఏడాది కూర్చోబెడదామా? చాదర్లు, టవళ్లు నేసి కూడబెట్టింది ఎంత తీయాలి, అప్పు ఎంత తేవాలి? చదివాక పిల్లలు ఈ ఊళ్లోనే ఉంటారా, ఎటైనా ఎగిరిపోతారా అన్నది ఆఖరి ప్రశ్న. దీనికి జవాబు ఎవరూ పైకి చెప్పరు.

ఇదే ఊళ్లో పుట్టి, డాక్టరు చదివి, మళ్లీ ఇంటికి రాని కొడుకు ఒకరున్నారు. డాక్టర్ ద్వారకానాథ్ శాంతారాం కోట్నీస్. ఆయన మన తెలుగువారు కాదు, మరాఠీ ఇంటి బిడ్డ. అయినా ఈ ఊరి వాడంటే మనవాడే కదా.

కోట్నీస్ 1910 అక్టోబరు 10న పుట్టారు. దిగువ మధ్యతరగతి కుటుంబం. తోడబుట్టినవాళ్లు ఏడుగురు, వాళ్లలో ఐదుగురు ఆడపిల్లలే. అంతమంది ఉన్న ఇంట్లో ఒకరిని బొంబాయి పంపి వైద్యం చదివించడమంటే ఎంత బరువో మగ్గం ఇంటివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పరేల్‌లోని సేఠ్ జీఎస్ మెడికల్ కాలేజీలో చదివారు. కేఈఎం ఆస్పత్రి ఉన్నది దాని పక్కనే. డిగ్రీ చేతికొచ్చింది. పైచదువుకు తయారవుతున్నారు. ఇంకొన్నేళ్లు ఓపిక పడితే షోలాపూర్‌లోనే పేరున్న సర్జన్ అయ్యేవారు.

అంతలో 1938 వచ్చింది.

అంతకు ముందు ఏడాదే జపాన్ చైనా మీద పడింది. అక్కడ గాయపడ్డ సైనికులకు వైద్యులు కరువు. చైనా సేనాని జు డే సాయం కోరితే నెహ్రూ చొరవ తీసుకున్నారు. అప్పటి కాంగ్రెస్ అధ్యక్షుడు సుభాష్ చంద్రబోస్ జనానికి పిలుపునిచ్చారు. చందాలు పోగయ్యాయి, అంబులెన్సు కొన్నారు. అటల్, చోల్కర్, బసు, ముఖర్జీ, కోట్నీస్... మొత్తం ఐదుగురు డాక్టర్లు ఓడెక్కారు. వాళ్లలో మనవాడికి అప్పటికి ఇంకా 28 నిండలేదు.

భాష నేర్చాకే వైద్యం

చైనాలో దిగాక చాలా ఊళ్లు తిరిగి 1939లో యెనాన్ చేరారు. చైనాలో ఉండగానే తండ్రి పోయారన్న కబురు అందింది. కోట్నీస్ వెనక్కి రాలేదు. దీన్ని త్యాగం అని ఒక్క మాటలో రాసేయడం మా పత్రికల వాళ్లకు అలవాటు. కానీ షోలాపూర్‌లో ఆ ఇంటివాళ్లు ఏమనుకుని ఉంటారో, కొడుకును నమ్ముకుని చదివించే ప్రతి తల్లిదండ్రులకూ తెలుసు. ఆయన గొప్పతనం ఎంత నిజమో, ఆ ఇంటి కష్టమూ అంతే నిజం.

యెనాన్ నుంచి యుద్ధరంగం వైపు, వూతాయ్ కొండల ప్రాంతానికి వెళ్లారు. అక్కడ అంతకుముందు కెనడా డాక్టరు నార్మన్ బెతూన్ పనిచేసేవారు. ఆపరేషన్ చేస్తుండగా వేలు తెగి, ఆ గాయం విషమై 1939 నవంబరులో బెతూన్ చనిపోయారు. పెన్సిలిన్ ఇంకా జనానికి అందని రోజులవి. చిన్న గాయం డాక్టరు ప్రాణమే తీసింది. అలాంటి చోట కోట్నీస్ కత్తి పట్టారు. 1940లో ఒక పోరులో నిద్ర లేకుండా 72 గంటలు ఆపరేషన్లు చేశారని, ఆ యుద్ధంలో 800 మందికి పైగా క్షతగాత్రులకు వైద్యం చేశారని చెబుతారు. 1941లో బెతూన్ పేరిట ఉన్న అంతర్జాతీయ శాంతి ఆస్పత్రికి మొదటి డైరెక్టరయ్యారు.

ఆయన కథలో మన పిల్లలు ముఖ్యంగా చూడాల్సింది ఇంకోటి ఉంది. దుబాసీని పెట్టుకుని నెట్టుకురావచ్చు, కానీ ఆయన చైనా భాష నేర్చుకున్నారు. మాట్లాడటమే కాదు, చదవడం, రాయడం కూడా. రోగితో ఆ భాషలోనే మాట్లాడారు. బెతూన్ వైద్య పాఠశాలలో సర్జరీ పాఠాలూ అందులోనే చెప్పారు. ఒక్క డాక్టరు ఎన్ని గాయాలు కుట్టగలడు? చేతి కింద వందమందిని తయారుచేస్తేనే పని సాగుతుంది. అదే చేశారాయన.

మన షోలాపూర్ సివిల్ హాస్పిటల్ వార్డులో ఒక పూట నిలబడితే ఈ సంగతి అర్థమవుతుంది. ఒక మంచం మీద మరాఠీ, పక్క మంచం మీద కన్నడం, ఆ పక్కన ఉర్దూ, తెలుగు. బీడీలు చుట్టే అవ్వకు ఎక్కడ నొప్పో తెలుగులో అడిగే నర్సు దొరికితే సగం జబ్బు అక్కడే తగ్గినట్టుంటుంది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, వీధిలో హిందీ నేర్చిన మగ్గాల ఇంటి పిల్లలకు ఇది ఫీజు కట్టకుండా వచ్చిన చదువు. ఎంబీబీఎస్ అయితే ఇంటర్న్‌షిప్‌తో ఐదున్నరేళ్లు, బీఎస్సీ నర్సింగ్, బీ ఫార్మసీ నాలుగేసేళ్లు. ఏది చదివినా ఈ భాషలు పనికొస్తాయి. ఊళ్లోనే 1963 నుంచి వైశంపాయన్ పేరిట మెడికల్ కాలేజీ ఉంది. కోట్నీస్ కాలంలోలా డాక్టరు చదువుకు బొంబాయి దారి పట్టక్కర్లేదు.

ముప్పై రెండేళ్లకే..

ఆ పాఠశాలలోనే నర్సింగ్ బోధించే క్వో చింగ్‌లాన్‌ను కోట్నీస్ 1941లో పెళ్లాడారు. మరుసటి ఏడాది ఆగస్టులో కొడుకు పుట్టాడు. పేరు యిన్‌హువా. యిన్ అంటే భారత్, హువా అంటే చైనా. కొడుక్కి నాలుగు నెలలైనా నిండకుండానే, 1942 డిసెంబరు 9న, మూర్ఛవ్యాధి ముదిరి కోట్నీస్ కన్నుమూశారు. మిగతా నలుగురు డాక్టర్లూ క్షేమంగా దేశం చేరారు.

యిన్‌హువా కూడా తండ్రి దారిలోనే వైద్యం చదివాడు. చదువు పూర్తయ్యే సమయానికి, 1967లో అతనూ పోయాడు. ఆ తల్లి మాత్రం 2012 దాకా బతికింది.

ఇక్కడ జనానికి కోట్నీస్ పేరు తెలిసింది సినిమాతో. 1946లో వి.శాంతారాం ఆ వేషం తనే కట్టారు. చైనాలో ఆయన పేరు కే దిహువా. షిజియాజువాంగ్ నగరంలోని అమరవీరుల శ్మశానంలో సమాధి ఉంది. అదే నగరంలో 1992లో ఆయన పేరిట వైద్య పాఠశాల పెట్టారు. అక్కడి పిల్లలు ఆయన విగ్రహం ముందు నిలబడి ప్రమాణం చేస్తారు.

షోలాపూర్‌లో ఆ ఇల్లు స్మారకంగా మారింది. భయ్యా చౌక్ దగ్గర. హోట్గి రోడ్ నుంచి ఆటోలో పోవచ్చు.