వినోదోద్యాన నిర్మాత వాల్ట్ డిస్నీ

తిరునాళ్ళు వచ్చినప్పుడు ఊరి బయట రంగులరాట్నములును, తోలుబొమ్మలాటలును, మిఠాయి అంగళ్ళును వెలయుట ఎల్లవారు నెరిగినదే. నాలుగు దినములు సందడి చేసి అవి మరల మాయమగును. పాశ్చాత్య దేశములలో ఇట్టి వినోదములు నెలల తరబడి నడచుటకై ప్రత్యేకముగా తోటలే వెలసినవి. వానిని వినోదోద్యానము లందురు. అట్టి తోటను ఆటవస్తువుల గుంపుగా గాక ఒక కథాలోకముగా తీర్చి, లోపల అడుగిడినవాడు బయటి ప్రపంచమును మరచునట్లు చేసినవాడు వాల్ట్ డిస్నీ. మిక్కీ మౌస్ అను ఎలుక బొమ్మను సృష్టించిన వాడుగా ఇతడు లోకమునకు పరిచితుడు. కాని ఇతడు తన సొత్తును, కీర్తిని పణముగా నొడ్డి సాధించినది ఆ తోటయే.

వాల్ట్ డిస్నీ 1901వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన అమెరికా దేశమందలి షికాగో నగరమున జన్మించెను. తండ్రి ఇలయాస్, తల్లి ఫ్లోరా. 1893లో షికాగోలో జరిగిన గొప్ప ప్రపంచ ప్రదర్శనమునకై భవనములు కట్టిన పనివారిలో తండ్రియు నొకడు. 1906లో ఆ కుటుంబము మిస్సోరీ రాష్ట్రమందలి మార్సెలీన్ అను చిన్న ఊరు చేరి వ్యవసాయమునకు పూనుకొనెను. అచటి చెట్లు, పశువులు, ఊరిమీదుగా పోవు రైళ్ళు బాలుని మనస్సున చెరగని ముద్ర వేసెను. అయితే సేద్యము కలిసిరాలేదు. తండ్రి భూమిని అమ్మివేసి 1911లో కాన్సస్ సిటీ నగరమునకు కాపురము మార్చి, వార్తాపత్రికలు పంచు పనిని గుత్తకు తీసికొనెను. తొమ్మిదేండ్ల వాల్టు తెల్లవారకమునుపే లేచి, చలికాలపు మంచులో సైతము ఇల్లిల్లు తిరిగి పత్రికలు వేసి, పిదప బడికి పోవుచుండెను. ఆ పనికి తండ్రి కొడుకునకు కూలి ఇచ్చెడివాడు కాడు. ఆ నగరమున ఎలక్ట్రిక్ పార్కు అను వినోదోద్యానము రాత్రులందు వేలకొలది దీపములతో వెలుగుచుండెను. కష్టములలో పెరుగు ఆ బాలునకు అది కన్నులపండువుగా నుండెను.

బాల్యమునుండియు అతనికి బొమ్మలు గీయుటయందు మక్కువ. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన వెంటనే రెడ్ క్రాస్ వారి వాహనచోదకుడుగా ఫ్రాన్సు దేశమున కొంతకాలము పనిచేసి, 1919లో స్వదేశమునకు వచ్చి చిత్రలేఖనమునే జీవనోపాధిగా గైకొనెను. 1922లో కార్టూను చిత్రములు తీయుటకు ఒక చిన్న సంస్థను నెలకొల్పగా మరుసటి ఏడే అది దివాలా తీసెను. జేబులో 40 డాలర్లు మాత్రమే పెట్టుకొని అతడు హాలీవుడ్ చేరెను. అచట అన్నయగు రాయ్ అతనికి తోడయ్యెను. తమ్ముడు కలలు కనుట, అన్న లెక్కలు చూచుట వారి జీవితమంతయు సాగిన ఏర్పాటు. 1928లో వారు తీర్చిదిద్దిన ఒక కుందేలు బొమ్మపై హక్కులు ఒప్పందమును బట్టి ఇతరుల పాలయ్యెను. తన సృష్టిపై అధికారము తన చేతిలోనే ఉండవలెనని వాల్టు ఆనాడు గ్రహించెను. ఆ ఏడే పుట్టిన మిక్కీ మౌస్, చిత్రమునకు శబ్దము జతకూడుటచే, దేశమంతట ప్రసిద్ధి కెక్కెను. 1937లో వెలువడిన స్నో వైట్ అను పూర్తి నిడివి కార్టూను చిత్రము అతని కీర్తిని ఖండాంతరములకు చేర్చెను.

విజయములతోపాటు అపశ్రుతులును లేకపోలేదు. 1941లో అతని చిత్రశాలయందలి కళాకారులు జీతముల విషయమునను, సంఘము పెట్టుకొను హక్కు విషయమునను సమ్మె చేసిరి. డిస్నీ వారి బాధను అర్థము చేసికొనుటకు మారుగా కోపము వహించెను. తుదకు సంస్థ వారి సంఘమును అంగీకరింపవలసి వచ్చినను, ఆ కలత పూర్తిగ మానలేదు. బొమ్మలకు ప్రాణము పోయగలవానికి మనుష్యుల మనస్సెరుగుట కష్టమయ్యెనని చెప్పవచ్చును.

డిస్నీకి ఇరువురు కుమార్తెలు. సెలవు దినములందు అతడు వారిని లాస్ ఏంజిల్స్‌లోని గ్రిఫిత్ పార్కునకు తీసికొనిపోవుచుండెను. బిడ్డలు రంగులరాట్నము ఎక్కి తిరుగుచుండగా తండ్రి బల్లపై ఒంటరిగా కూర్చుండి వేరుసెనగ కాయలు తినుచు కాలము గడపుచుండెను. పిల్లలును పెద్దలును కలిసి ఆనందించుటకు తగిన చోటు ఏల ఉండరాదని అతనికి తోచెను. ఆనాటి వినోదోద్యానములు పెక్కు మురికిగా, మొరటుగా ఉండెడివి. యంత్రముల వేగమునకును, వింతలకును మాత్రమే అవి పోటీపడుచుండెను. న్యూయార్కు చెంతనున్న కోనీ ఐలెండు నందు 1903లో లూనా పార్కును, 1904లో డ్రీమ్‌లాండును వెలసి, దీపములతోను అద్భుత దృశ్యములతోను ఒకదాని నొకటి మించజూచెను. డ్రీమ్‌లాండు 1911లో అగ్నికి ఆహుతియయ్యెను; లూనా పార్కును 1944లో అట్లే మంటల పాలయ్యెను. డిస్నీ అనేక ఉద్యానములను పరిశీలించెను. 1951లో డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హేగెన్‌లోని టివోలీ ఉద్యానమును దర్శించెను. 1843 నుండి నడచుచున్న ఆ తోటయందలి పరిశుభ్రత, పూలమొక్కలు, సంగీతము, పనివారి మర్యాద అతని మనస్సును ఆకట్టుకొనెను. తన వెదకులాట ఫలించినట్లయ్యెను.

కల సిద్ధమయ్యెను, ధనము మాత్రము లేదు. చలనచిత్ర సంస్థ సొమ్మును ఇట్టి సాహసమునకు వెచ్చించుటకు రాయ్ వెనుదీసెను. డిస్నీ తన జీవిత బీమాపై అప్పు తెచ్చెను. ఉన్న ఒక ఇంటిని అమ్మెను. 1952లో ఈ పనికై వేరుగ ఒక సంస్థ స్థాపించెను. అనుభవజ్ఞులగు ఉద్యాన యజమానులు ఈ ప్రణాళికను చూచి, ఇది నష్టముతో ముగియునని తేల్చిరి. రాబడి తేని కోటయేల, తోటలేల, ఒకే ద్వారమేల అని వారి సందేహము. 1953 సెప్టెంబరులో డిస్నీ తన మిత్రుడైన హెర్బ్ రైమన్ అను చిత్రకారునిచే వారాంతపు రెండు దినములలో ఆ తోట యంతటికిని ఒక పెద్ద పటము వ్రాయించెను. రాయ్ ఇప్పుడు తమ్ముని పక్షమున నిలిచి, ఆ పటమును చేతబట్టి న్యూయార్కు వెళ్ళెను. ఎ.బి.సి. అను టెలివిజను సంస్థ 5 లక్షల డాలర్లు పెట్టుబడి యిచ్చి, మరి 45 లక్షల అప్పునకు పూచీపడెను. అందులకు మారుగా డిస్నీ ఆ సంస్థకు వారము వారము ఒక కార్యక్రమమును తయారు చేసి యిచ్చెను. ఇంకను కట్టని తోటను కోట్లకొలది ప్రజలు ఇంటనుండియే చూచి, ఎప్పుడు తెరతురా యని ఎదురుచూడసాగిరి.

కాలిఫోర్నియా రాష్ట్రమున ఆనహైమ్ అను ఊర 160 ఎకరముల నారింజతోటలను కొని, 1954 జులైలో పని ప్రారంభించిరి. ఒక్క ఏడాదిలో, ఇంచుమించు 1 కోటి 70 లక్షల డాలర్ల వ్యయముతో, డిస్నీలాండు రూపొందెను. దాని రచనలో గొప్ప నేర్పు కలదు. చుట్టును ఎత్తైన మట్టికట్ట పోసి చెట్లు నాటుటచే లోపలివారికి బయటి వీధులు కానరావు. ప్రవేశించుటకు ద్వార మొక్కటియే. లోనికి రాగానే డిస్నీ బాల్యస్మృతులలోని మార్సెలీన్‌ను తలపించు పాతకాలపు వీధి యెదురగును. ఆ వీధి యిండ్ల పై అంతస్తులు కింది వానికంటె చిన్నవిగా కట్టబడుటచే అవి ఉన్నదానికంటె ఎత్తుగా తోచును. వీధి చివర కనబడు కోట జనులను తనవైపు లాగికొనును. కోట ముందటి కూడలి నుండి చక్రపు ఆకులవలె దారులు చీలి, ఒకటి అడవుల లోకమునకు, ఒకటి పడమటి సీమకు, ఒకటి కథల రాజ్యమునకు, ఒకటి రాబోవు కాలమునకు దారితీయును. ఒక్కొక్క లోకమునకు తగిన చెట్లు, సంగీతము, పనివారి దుస్తులు, తుదకు చెత్తబుట్టలు గూడ వేరువేరు. అచట పనివారిని నాటకమందలి పాత్రధారులుగను, వచ్చినవారిని అతిథులుగను వ్యవహరింతురు.

1955 జులై 17న డిస్నీలాండు ప్రారంభోత్సవము జరిగెను. ఆ దినము ఒక పరీక్షయే అయ్యెను. దొంగ టిక్కెట్లతో వేలాది జనులు చొరబడగా లోపల 28 వేల మంది నిండిరి. ఎండ మండిపోవుచుండెను. గొట్టముల పనివారి సమ్మెవలన త్రాగునీటి కుళాయిలును, మరుగుదొడ్లును రెండును సిద్ధము చేయుటకు వ్యవధి చాలక, డిస్నీ మరుగుదొడ్లనే ముందు పూర్తి చేయించియుండెను. అందుచే దాహముతో జనులు విసిగిరి. కొత్తగా పోసిన తారు మెత్తబడి స్త్రీల పాదరక్షలు దిగబడెను. పత్రికలు ఎగతాళి చేసెను. డిస్నీ ఆ విమర్శలను తోసివేయక, ఒక్కొక్క లోపమును దిద్దుకొనుచు వచ్చెను. తానే తోటలో తిరుగుచు, వరుసలలో నిలిచి, అతిథుల కష్టసుఖములు గమనించుచుండెను. ఏడు వారములలో పదిలక్షల మంది ఆ తోటను చూచిరి.

విజయమును చూచి పోటీదారులు బయలుదేరిరి. సమీపమున నాట్స్ బెర్రీ ఫారం అను తోట, పండ్ల అంగడిగా మొదలై, పాత గనుల ఊరిని పోలిన కట్టడములతో డిస్నీలాండునకు ముందునుండియే జనుల నాకర్షించుచుండెను. తనకంటూ ఒక రూపము గల ఆ తోట కొత్త పొరుగువానితోపాటు తానును వర్ధిల్లెను. 1958లో సముద్రతీరమున వెలసిన పసిఫిక్ ఓషన్ పార్కు తొమ్మిదేండ్లలో మూతపడెను. డిస్నీలాండు నిర్మాణమున ముఖ్యుడై పనిచేసిన సి. వి. వుడ్ బయటికి వచ్చి, 1960లో న్యూయార్కున అమెరికా చరిత్రను కథగా గైకొని ఫ్రీడమ్‌లాండు కట్టించెను. అది అప్పులలో మునిగి, ప్రారంభమునందలి చరిత్ర కథను వదలి పాటకచేరీల వైపు మొగ్గి, 1964లో దివాలా తీసెను. 1961లో టెక్సాసున వెలసిన సిక్స్ ఫ్లాగ్స్ మాత్రము తన ప్రాంతపు చరిత్రనే ఆధారముగ జేసికొని నిలిచెను. పై రూపమును అనుకరించుట సులభము. లోని శ్రద్ధను అనుకరించుట దుర్లభము.

తోట ఎన్నటికిని పూర్తికారాదనునది డిస్నీ పట్టుదల. 1959లో అతడు 147 అడుగుల మంచుకొండను కట్టించి, ఆ కొండ లోపల వేగముగ దొరలు బండ్లను నడిపించెను. ఇతర తోటలలో ఇనుప చట్రముగా కనబడు యంత్రము ఇచట పర్వతయాత్రగా మారెను. 1963లో యంత్రబలముచే పాడుచు మాటలాడు పక్షుల మందిరమును తెరచెను. 1964లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనమునకై అతని బృందము నాలుగు వింతలను నిర్మించెను. అందొకటి, నాడు జీవించియున్నట్లే లేచి ప్రసంగించు లింకన్ ప్రతిమ.

ఆనహైమ్ తోట చుట్టును ఇతరుల హోటళ్ళు కిక్కిరిసి, విస్తరణకు చోటు లేకపోయెను. ఆ అనుభవముచే డిస్నీ ఫ్లారిడా రాష్ట్రమున, ధరలు పెరుగకుండునట్లు వేరు పేరులతో, 27 వేల ఎకరముల భూమిని గుట్టుగా కొనిపించెను. కాని దానిపై కట్టడమును చూచు భాగ్యము అతనికి లేకపోయెను. చిరకాలపు పొగాకు అలవాటు అతని ఆరోగ్యమును హరించెను. ఊపిరితిత్తుల క్యాన్సరుచే 1966 డిసెంబరు 15న, అరువదియైదవ ఏట, అతడు మరణించెను. విశ్రాంతి గైకొనదలచిన రాయ్ ఆ తలంపును మాని, తమ్ముని పనిని తలకెత్తుకొని, 1971 అక్టోబరు 1న ఆ నూతనోద్యానమును తెరపించెను. దానికి తమ్ముని పూర్తి పేరు వచ్చునట్లు వాల్ట్ డిస్నీ వరల్డ్ అని పేరిడెను. ఆ డిసెంబరులోనే రాయ్ కన్నుమూసెను.

డిస్నీ చూపిన బాట నేటికిని ఆ రంగమును నడిపించుచున్నది. 1983లో టోక్యో నగరపు చెంతను, 1992లో పారిస్ చెంతను అతని పేర తోటలు వెలసెను. ఫ్లారిడాలో 1990 నుండి యూనివర్సల్ సంస్థ గట్టి పోటీదారయ్యెను. ఆ సంస్థ 2010లో హ్యారీ పోటర్ కథలోని ఊరిని, కోటను అచ్చముగా కట్టి, కథలోని పానీయమును గూడ అమ్మగా, సందర్శకులు విరివిగా వచ్చిరి. దానికి జవాబుగా డిస్నీ సంస్థ 2017లో అవతార్ చిత్రమందలి లోకమును, 2019లో స్టార్ వార్స్ లోకమును నిర్మించెను. డిస్నీ విద్యనే అభ్యసించి ప్రత్యర్థులు అతని వారసులతో పోరుచున్నారు. ఈ పోటీలో వ్యయము పెరిగి, టిక్కెట్టు ధరలు సామాన్య కుటుంబములకు భారమగుటయు కలదు. ఒక డాలరు ప్రవేశ రుసుముతో మొదలైన తోటకు ఇది తగని మార్పని విచారించువారును కలరు.

జనులను ఒకసారి రప్పించుటకు ఆర్భాటము చాలును; మరల మరల రప్పించుటకు శ్రద్ధ కావలెను. బిడ్డల ప్రక్కన ఏమియు తోచక బల్లపై కూర్చున్న ఒక తండ్రి మనస్సున పుట్టిన కోరిక, అట్టి శ్రద్ధచే పెరిగి, కోట్లాది కుటుంబములకు ఉల్లాసస్థానమయ్యెను. తల్లిదండ్రులును బిడ్డలును ఒకే బండిలో ప్రక్కప్రక్కన కూర్చుండి నవ్వుచున్నంత కాలము వాల్ట్ డిస్నీ కృషి జీవించియే యుండును.