బానిసగా వచ్చి బిషప్పుగా తిరిగివచ్చిన పాట్రిక్కు

ప్రతి సంవత్సరము మార్చి 17వ తేదీన ఐర్లండు దేశములో బడులు, కచేరీలు మూసివేయుదురు. పట్టణ వీధులలో బాజాలతో ఊరేగింపులు సాగును. జనులు ఆకుపచ్చని దుస్తులు ధరించి, మన పెరళ్లలో మొలచు పులిచింత ఆకును పోలిన మూడాకుల రెమ్మను చొక్కాకు గ్రుచ్చుకొందురు. అమెరికాలోని చికాగో నగరములో ఆ పండుగకు నదికే పచ్చరంగు కలుపు ఆచారము 1962లో మొదలైనది. అదే దినమున దేవాలయములలో ఆరాధన జరుగును, ప్రసంగము జరుగును. ఈ దేశములకు చదువుకొరకో పనికొరకో వెళ్లిన మన తెలుగు బిడ్డలు ఇది చూచి, ఇది సంఘపు పండుగయా దేశపు పండుగయా అని అడిగిన అడుగవచ్చును. రెండును ఒక్క మనుష్యుని పేరటనే జరుగుచున్నవి. ఆయన పేరు పాట్రిక్కు. చిత్రమేమనగా ఆయన ఐర్లండువాడు కాడు. ఆ దేశమునకు ఆయన మొదట వచ్చినది బానిసగా.

పాట్రిక్కు అయిదవ శతాబ్దపు మనుష్యుడు. రోమా సామ్రాజ్యపు ఏలుబడి సన్నగిల్లుచున్న కాలములో బ్రిటను ద్వీపమున జన్మించెను. తండ్రి కల్పోర్నియసు సంఘములో డీకను, ఊరి పాలనలో పెద్ద. తాత పోటీటసు గురువు. గురువులు వివాహమాడి బిడ్డలను కనుట ఆ దినములలో వింత కాదని దీనివలన మనకు తెలియుచున్నది. ఇంట దాసదాసీలు కలరు. కొద్దిపాటి భూమి కలదు. అయితే ఇంటిలో వాక్యమున్నంత మాత్రమున బిడ్డలో వాక్యముండదు గదా. తాను దేవుని ఎరుగక, గురువుల మాట చెవిని పెట్టక పెరిగితినని పాట్రిక్కే వృద్ధాప్యములో వ్రాసికొనెను.

ఆయనకు పదునారేండ్లు నిండబోవుచుండగా ఐర్లండునుండి ఓడలలో వచ్చిన దోపిడిగాండ్రు ఆ ప్రాంతముమీద పడి వేలకొలది జనులను పట్టుకొనిపోయిరి. దాసులుగల ఇంట పుట్టినవాడు తానే దాసుడాయెను. ఆరు సంవత్సరములు ఒక యజమానుని మందలను కాచెను. మంచులోను వానలోను తెల్లవారకముందే లేచి కొండకు పోవలెను. పశువులు కాచిన జీతగాండ్ర బిడ్డలు మన సంఘములలో ఎందరో కలరు. ఆ చలి, ఆ ఆకలి ఎట్టివో వారికి మేము వివరింప నక్కరలేదు.

అక్కడనే ఆ చిన్నవాడు ప్రార్థన నేర్చుకొనెను. పగలు నూరు ప్రార్థనలు, రాత్రి ఇంచుమించు అన్నియే చేయుచుంటినని ఆయన లెక్క చెప్పెను. తండ్రి యింట దొరకని దేవుడు పరాయి యజమానుని కొండమీద దొరికెను. యోసేపు చరిత్ర చదివినప్పుడెల్ల మనము పాట్రిక్కును కూడ తలచుకొనవచ్చును.

ఆరవ సంవత్సరము చివర ఒక రాత్రి నిద్రలో, నీ ఓడ సిద్ధముగా నున్నదను మాట ఆయనకు వినబడెను. రేవు అక్కడికి దాదాపు రెండువందల మైళ్లు. దారిలో ఎరిగినవారు ఒక్కరును లేరు. ఆయన లేచి నడచిపోయెను. ఓడ నాయకుడు మొదట గద్దించి పొమ్మనగా, పాట్రిక్కు ప్రార్థించుకొనుచు వెనుకకు తిరిగెను. అంతలో ఓడవారే కేకవేసి పిలిచిరి. మూడు దినములు సముద్రముమీద సాగి ఒడ్డు చేరిరి. అటుపిమ్మట ఇరువదియెనిమిది దినములు నిర్జన ప్రదేశములో తిండిలేక తిరుగాడిరి. అంత గొప్పవాడైన నీ దేవుడు మాకేల ఆహారమియ్యడని నాయకుడు ఎత్తిపొడిచెను. ఆ దినముననే దారికి అడ్డముగా పందుల మంద వచ్చెను. ఆకలిగొన్నవారు కడుపునిండ తినిరి.

కొన్ని సంవత్సరములకు ఆయన తన ఇల్లు చేరెను. చచ్చెననుకొన్న కుమారుడు వచ్చినట్లు బంధువులు సంతోషించి, ఇకమీదట ఎక్కడికిని పోవలదని బతిమాలిరి. ఎవరు బతిమాలరు? అయితే ఆ ఇంటనే మరియొక రాత్రి ఆయనకు దర్శనము కలిగెను. విక్టోరికసు అనువాడు లెక్కలేనన్ని ఉత్తరములతో ఐర్లండునుండి వచ్చి ఒకటి చేతికిచ్చెను. అది చదువుచుండగా పడమటి సముద్రపు ఒడ్డున ఫోక్లూటు అడవియొద్దనున్న జనులందరు, నీవు వచ్చి మరల మా మధ్య నడువుమని పిలుచుచున్నట్లు వినబడెను. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయములో పౌలును పిలిచిన మాసిదోనియ మనుష్యుడు మనకు జ్ఞాపకము రాక మానడు. కాని ఒక భేదము కలదు. మాసిదోనియవారు అంతకుముందు పౌలును సంకెళ్లు వేసి అమ్మినవారు కారు. పాట్రిక్కును పిలిచినది ఆయన యౌవనమును దోచుకొన్న దేశము. వారి భాష ఆయనకు వచ్చును. ఆ భాష నేర్పినది బానిసతనమే.

ఆయన బిషప్పుగా ఐర్లండుకు తిరిగి వెళ్లెను. వేలమందికి బాప్తిస్మమిచ్చెను. అంతవరకు వాక్యము చేరని మారుమూలలకు పోయెను. పరిచర్యకు మనుష్యులను ఏర్పరచెను. రాజులకు కానుకలిచ్చెను, తనతో నడచిన రాజకుమారులకు జీతములిచ్చెను. ఒకసారి పట్టుబడి పదునాలుగు దినములు ఇనుప సంకెళ్లలో నుండెను. భక్తిగల స్త్రీలు తమ నగలు తీసి బల్లమీద ఉంచిరి. వారు నొచ్చుకొన్నను ఆయన వాటిని తిరిగి ఇచ్చివేసెను. ఎవరివద్దనైనను చెప్పుల వెలయైనను పుచ్చుకొని యుంటినా చెప్పుడని అడుగగల్గెను. బోధకుల జమాఖర్చు గూర్చి సణుగుకొను సంఘములు మనలోను లేకపోలేదు. వారు ఈ మాటను నెమ్మదిగా ఆలోచింపవచ్చును.

అన్నిటికంటె మాకు గొప్పగా తోచునది కొరోటికసు సంగతి. ఇతడు క్రైస్తవుడని పేరు పెట్టుకొన్న ఒక నాయకుడు. వీని సైనికులు పాట్రిక్కు చేతుల బాప్తిస్మము పొందినవారిమీద పడిరి. వారు ఇంకను తెల్లని బట్టలతోనే యున్నారు. నుదుట అంటిన నూనె పరిమళము పోలేదు. కొందరిని చంపిరి, కొందరిని బానిసలుగా పట్టుకొనిపోయిరి. మరునాడే పాట్రిక్కు తాను బాల్యమునుండి నేర్పిన ఒక గురువును ఉత్తరముతో పంపెను. బందీలను విడువుమని, దోచినదానిలో కొంతయైనను మరల ఇమ్మని అడిగెను. వారు నవ్విరి.

అప్పుడు ఆయన రెండవ ఉత్తరము వ్రాసెను. అది నేటికిని నిలిచియున్నది. గౌలు దేశపు క్రైస్తవులు వేల నాణెములిచ్చి బందీలను విడిపించుచుండగా, మీరు క్రీస్తు అవయవములను అమ్ముచున్నారని అందులో గద్దించెను. కన్నీటితో మారుమనస్సు పొంది బందీలను విడుచువరకు వీరితో ఎవరును తినకూడదు, త్రాగకూడదు, వీరి దానములు పుచ్చుకొనకూడదు అని సంఘములకు ఆజ్ఞ ఇచ్చెను. తాను కొరడా క్రింద నుండిన మనుష్యుడు గనుక మాట అంత సూటిగా వచ్చినది. బానిసలైన విశ్వాస స్త్రీలే అందరికంటె ఎక్కువగా బాధపడుచున్నారనియు, బెదిరింపులను ఓర్చి నిలుచుచున్నారనియు మరియొకచోట వ్రాసెను. ఆ కాలములో దాసీల బాధను లెక్కపెట్టి వ్రాసినవారు బహు కొద్దిమంది.

బయటి శత్రువులే గాక లోపలివారును ఆయనను నొప్పించిరి. పదునైదేండ్ల ప్రాయములో చేసిన ఒక తప్పును ఆయన ప్రాణస్నేహితునికి రహస్యముగా చెప్పుకొనియుండెను. ముప్పది సంవత్సరముల తరువాత ఆ స్నేహితుడే దానిని బయటపెట్టగా, బ్రిటనులోని పెద్దలు బిషప్పు పనికి ఆయన తగడని తీర్పరులైరి. ఆయన మిక్కిలి కుంగెను గాని ఐర్లండును విడువలేదు. తన జీవితమునుగూర్చి ఒప్పుకోలు వ్రాసి, తాను పాపిననియు, చదువు చాలని నాటువాడననియు మొదటనే చెప్పుకొనెను. ఈ ఒప్పుకోలును ఆ ఉత్తరమును తప్ప ఆయన చేతివ్రాతగా మనకు నమ్మకముగా దక్కినది వేరొకటి లేదు.

ఆ రెండింటిలోను పాముల ఊసు లేదు. పాట్రిక్కు ఐర్లండు పాములనన్నిటిని సముద్రములోనికి తరిమెనని కథ. రాత్రిపూట పొలము గట్ల వెంబడి నడచు మనవారికి ఆ కథ ఎందుకు రుచించునో మాకు తెలియును! అయితే పూర్వము ఆ ద్వీపము మంచుచే కప్పబడి, పిదప సముద్రముచే వేరైపోయినందున అక్కడ పాములు మొదటినుండియు లేవని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. మూడాకుల రెమ్మను చూపి త్రియేక దేవునిగూర్చి బోధించెనను కథయు పదునెనిమిదవ శతాబ్దపు పుస్తకములలో గాని కనబడదు. అది బోధకు అందమైన ఉపమానమే. కాని ఆయన వ్రాసినది కాదు.

ఇక పండుగ సంగతి. మార్చి 17 ఆయన మరణదినమని జనుల జ్ఞాపకము. 17వ శతాబ్దములో లూకా వాడింగు అను ఐర్లండు సన్యాసి ప్రయత్నమువలన అది రోమను సంఘపు పంచాంగములో చేరెను. అయితే బాజాల పండుగను పెంచినది వలస వెళ్లినవారు. 1737లో అమెరికాలోని బోస్టనులో ఐర్లండునుండి వచ్చిన ప్రొటెస్టెంటులు ఆ దినమున కూడి, కష్టములోనున్న తమ దేశస్థులకు సహాయము చేయుటకు ఒక ధర్మసమాజమును స్థాపించిరి. 1762లో న్యూయార్కులో సైన్యములోని ఐర్లండువారు ఊరేగిరి. 1845లో బంగాళదుంప పంటకు తెగులు పట్టి వచ్చిన గొప్ప కరవులో దాదాపు పది లక్షలమంది చనిపోయిరి, అంతకు తక్కువకాని సంఖ్య ఓడలెక్కిరి. పరదేశములో చులకనగా చూడబడిన ఆ బీదలు ఏడాదికి ఒక దినము తలయెత్తి వీధిలో నడచిరి. ఆ నడకను మేము తప్పుపట్టజాలము. బలవంతముగా సముద్రము దాటింపబడిన పాట్రిక్కు, ఆకలిచేత సముద్రము దాటినవారికి గుర్తుగా నిలుచుట తగియేయున్నది.

త్రాగుడు సంగతి వేరు. 1903లో ఆ దినము చట్టరీత్యా సెలవాయెను. స్వతంత్రమైన పిమ్మట 1927 నాటి చట్టమువలన మార్చి 17న సారాయి అంగళ్లు మూసిరి. డబ్లినులో కుక్కల ప్రదర్శన జరుగుచోట మాత్రము త్రాగుటకు వీలుండెనట. ఆ దినమున ఎందరికి కుక్కలమీద ప్రేమ పుట్టెనో చెప్పనక్కరలేదు. 1960 చట్టముతో ఆ నిషేధము పోయెను. 1996లో డబ్లినులో మొదలైన ఉత్సవము పిదప అనేక దినములదాయెను. 2008లో మార్చి 17 శ్రమల వారములో సోమవారమున పడగా, అక్కడి కథోలిక సంఘము తన పండుగను 15వ తేదీకి మార్చుకొనెను. ఊరేగింపు మాత్రము 17వ తేదీననే సాగెను. ఒక్క మనుష్యునికి రెండు పండుగలని ఆ సంవత్సరము అందరికిని కనబడెను.

మతభేదములచేత ఎంతో రక్తము చిందిన ఆ దేశములో పాట్రిక్కును ఇరుపక్షములవారును తమవాడందురు. ఆర్మా పట్టణములో రెండు గుట్టలమీద ఎదురెదురుగా రెండు పెద్ద దేవాలయములు కలవు. ఒకటి ప్రొటెస్టెంటులది, ఒకటి కథోలికులది. రెండింటికిని పేరు పాట్రిక్కుదే. ఆయన ఎవరివాడను వాదములోనికి మేము దిగము. ఆయన దినములలో ఆ గోడ ఇంకను కట్టబడలేదు.

ఆయన సమాధియని చెప్పబడు స్థలము డౌన్‌ప్యాట్రిక్కు పట్టణములో, ప్రొటెస్టెంటు దేవాలయపు ఆవరణములో నున్నది. పండుగనాడు ఇరు సంఘములవారును సాల్ అను గ్రామమునుండి రెండు మైళ్లు కలిసి నడచి అక్కడికి వచ్చుదురు. పూర్వము యాత్రికులు గుప్పెడేసి మట్టి తీసికొనిపోవుటచేత ఆ చోట గుంటపడెను. అందుచేత 1900లో దానిమీద పెద్ద నల్లరాతి బండను పరచిరి. దానిమీద ఒక సిలువ, ఆయన పేరు మాత్రమే చెక్కబడియున్నవి.