డెబ్బది గాయాల వీరుడు: అబ్దుర్రజ్జాఖ్ లారీ

గోలకొండ చూడబోయిన విద్యార్థులు బాలా హిసార్ ద్వారంవద్ద చప్పట్లు చరచి, ప్రతిధ్వని విని సంతోషిస్తారు. ఆ సమీపముననే నగీనా బాగ్ అనే పాతతోట ఉన్నది. అక్కడ ఒకనాడు నెత్తురోడుతూ పడిపోయిన వీరుని చరిత్రను క్లుప్తంగా వివరింపదలచితిమి.

అబ్దుర్రజ్జాఖ్ పూర్వులది ఇరాను దేశంలోని లార్ ప్రాంతమని ఆయన పేరే చెబుతున్నది. ముస్తఫా ఖాన్ అనే బిరుదుతో ఆయన కుతుబ్ షాహీల కడపటి సుల్తాను అబుల్ హసన్ తానాషా కొలువులో ఉండెను. రామదాసు కథవలన తెలుగువారికి చిరపరిచితుడైన తానాషాయే ఈయన ప్రభువు.

1685లో మొగలు సేనలు హైదరాబాదును ముట్టడించగా తానాషా రాత్రికి రాత్రి కోటకు తరలిపోయెను. నగరవాసులు ధనధాన్యాలు విడిచి, భార్యాబిడ్డల చేతులు పట్టుకొని, కాలినడకన కోటవైపు పరుగెత్తిరి. నగరం కొల్లపోయినది. 1686లో అక్కన్న మాదన్నలు హతులైరి. ఆ సంవత్సరమే బిజాపూరు పతనమైనది. 1687 ఆరంభంలో ఔరంగజేబు స్వయంగా వచ్చి గోలకొండను చుట్టుముట్టెను.

ముట్టడి సుమారు ఎనిమిది నెలలు సాగినది. మొగలులు కోటగోడల క్రింద సొరంగాలు త్రవ్వి మందుగుండు నింపగా, లోపలివారు ఎదురు త్రవ్వి దానిని తొలగించిరి. ప్రేలుడుకు మొగలు సైనికులే బలియైరి. ఈలోగా కరవు దాపురించినది. హైదరాబాదు ఇండ్లలో, మూసీ ఒడ్డున, మైదానంలో శవాలు పడి ఉండెననీ, వానలు వెలిసిన పిదప ఎముకల గుట్టలు దూరానికి మంచుకొండలవలె కనిపించెననీ చరిత్రకారుడు సాఖీ ముస్తయిద్ ఖాన్ వ్రాసినాడు. మొగలు శిబిరంలోనూ అదే దుఃస్థితి. తానాషా సంధి కోరుతూ, శత్రుసేనకు సైతం లక్షల మణుగుల ధాన్యం పంపెదనన్నాడు. చక్రవర్తి అంగీకరింపలేదు.

కోట పటిష్ఠంగానే ఉన్నది; సడలినవి మనస్సులు. ఒక్కొక్క సర్దారే ధనానికి, పదవికి లొంగి మొగలుల పక్షం చేరెను. లారీకిని ఘనమైన మన్సబు ఇత్తుమని ఫర్మానా వచ్చినది. ఆయన దానిని తన బురుజులోని సైనికులందరికీ చూపి, వారి యెదుటనే చించివేసినాడు. కర్బలాలో ఇమాం హుసేన్ పక్షాన పోరాడినవారివలె ప్రాణమున్నంతవరకు పోరాడెదనని తెచ్చినవానితోనే కబురంపినాడు.

1687 సెప్టెంబరులో ఒక రాత్రి అబ్దుల్లా ఖాన్ పన్నీ లంచానికి ఆశపడి కోటద్వారం తెరిపించెను. ఆ వార్త చెవినిపడగానే లారీ జీనులేని గుర్రమెక్కి, పదిపన్నెండుగురు అనుచరులతో శత్రుసమూహంలో చొరబడినాడు. అనుచరులు చెదరిపోయినా ఆయన వెనుదిరుగలేదు. నుదుటి చర్మం తెగి కన్నులపై వ్రేలాడగా, దారి కానరాని రౌతును గుర్రమే నగీనా తోటకు చేర్చినది. అక్కడ ఒక కొబ్బరిచెట్టు ఆసరాతో నేలకు ఒరిగినాడు. మరునాడు శత్రుపక్షంవారే గుర్తించి, జాలిపడి, మంచంపై మోసుకొనిపోయిరి.

ఔరంగజేబు ఆ పరాక్రమానికి మెచ్చి, చికిత్సకు ఒక యూరపు వైద్యుని, ఒక హిందూ వైద్యుని నియమించెను. వారు లెక్కించిన గాయాలు దాదాపు డెబ్బది. కోలుకొన్న పిదప కొలువులో చేరుమన్నప్పుడు, తానాషా ఉప్పు తిన్నవాడననే కారణంతో లారీ మొదట నిరాకరించినాడు. తరువాత మొగలు కొలువును స్వీకరింపక తప్పలేదు. తానాషా దౌలతాబాదు కోటలో బందీగా తనువు చాలించెను.

కొందరు ఒక ప్రశ్న వేయవచ్చును. ఓటమి నిశ్చయమైనప్పుడు ఈ పట్టుదల ముట్టడిని పొడిగించి, ప్రజల ఆకలిని పెంచలేదా? ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసిపుచ్చము. కాని సంధిని, ధాన్యాన్ని నిరాకరించినది కోటలోనివారు కాదు. కనుక ఆ చావుల భారాన్ని లారీ భుజాలపై మోపుట న్యాయం కాదని మా అభిప్రాయం. ప్రభువును విడిచిపోయినందుకు బహుమతి లభించే కాలంలో, విడిచిపోని వాడొక్కడుండుట సామాన్య విషయం కాదు.

ఆయన గాయాలను వైద్యులు లెక్కించిరి. మూసీ ఒడ్డున ఆకలితో మడిసినవారిని లెక్కించినవారు లేరు. విద్యార్థులు గోలకొండకు వెళ్లినప్పుడు లారీతోపాటు వారినికూడ ఒక్క నిమిషం తలచుకొందురుగాక!