కర్నల్ సి. కె. నాయుడు

బందరు పేరు చెప్పగనే మనకు కలంకారీ అద్దకములు, పాత రేవు, జాతీయ కళాశాల జ్ఞప్తికి వచ్చును. క్రికెటు చరిత్రతో గూడ ఈ పట్టణమునకు సంబంధము కలదు. భారతదేశపు తొలి టెస్టు జట్టునకు నాయకుడైన కొఠారి కనకయ్య నాయుడుగారి పూర్వులు మచిలీపట్టణమువారే. కుటుంబము నాగపురమున స్థిరపడగా, 1895 అక్టోబరు 31వ తేదీన నాయుడుగారు అచ్చటనే జన్మించిరి.

ఆ కాలమున మన దేశములో క్రికెటు దొరలయు, సంస్థానాధిపతులయు పోషణలో నుండెను. బొంబాయిలో జట్లు మతముల ననుసరించి ఏర్పడెడివి. 1916లో హిందువుల జట్టు యూరోపియనులతో ఆడుచు కష్టదశలో నుండగా నాయుడుగారు బ్యాటు పట్టి, తమ తొలి పరుగులనే సిక్సరుతో సంపాదించిరి. 1923లో హోల్కారు ప్రభువు వారిని ఇందూరునకు పిలిపించుకొనెను. ఆ సంస్థాన సైన్యమున లభించిన హోదాయే కర్నల్ అను బిరుదు.

1926 డిసెంబరులో గిల్లిగన్ నాయకత్వమున వచ్చిన ఇంగ్లీషు జట్టుపై, బొంబాయి జింఖానా మైదానమున, రెండు గంటలైనను గడువకమునుపే వారు 153 పరుగులు చేసిరి. అందు సిక్సర్లు 11. భారతీయులు ఆంగ్లేయులకు తీసిపోరని ఆ ఆట లోకమునకు చాటెను. రెండేండ్లకు, 1928లో, దేశమంతటికిని ఒక క్రికెటు నియంత్రణ మండలి ఏర్పడెను.

1932లో మన జట్టు ఇంగ్లండునకు వెళ్లినప్పుడు నాయకుడు పోరుబందరు మహారాజు, ఉపనాయకుడును రాజవంశీయుడే. ఉపనాయకుడు గాయపడెను. మహారాజు తన ఆటయొక్క పరిమితి నెరిగి తానే తొలగెను. అందుచేత జూన్ 25వ తేదీన లార్డ్సు మైదానమున ప్రారంభమైన మన మొదటి టెస్టునకు నాయుడుగారు నాయకులైరి. ఆనాటి ఉదయము ఇంగ్లండు 19 పరుగులకే మూడు వికెట్లు కోల్పోయెను. క్షేత్రరక్షణలో చేయి దెబ్బతినినను నాయుడుగారు తొలి ఇన్నింగ్సున 40 పరుగులు చేసిరి. మనవారిలో అదియే అధికము. భారతజట్టు 158 పరుగులతో ఓడినను గౌరవము నిలుపుకొనెను. 1933–34లో జార్డిను జట్టు మన దేశమునకు వచ్చినప్పుడును వారే నాయకులు.

కాని 1936 నాటి ఇంగ్లండు యాత్రకు నాయకత్వము విజయనగర మహారాజకుమారునకు దక్కెను. ఇరువురును తెలుగువారే; ఒకరికి ఆట బలము, ఒకరికి హోదా బలము. మూడు టెస్టులలో ఆ నాయకుడు చేసిన మొత్తము పరుగులు 33. ఆ యాత్రలో జట్టునందు కలతలు పెరిగి, లాలా అమరనాథు మధ్యలోనే స్వదేశమునకు పంపబడెను. నాయుడుగారు మాత్రము సామాన్య సభ్యులుగా ఆడిరి. ఓవల్ మైదానమున, తమ కడపటి టెస్టులో, అల్లెను విసరిన బంతి దేహమునకు బలముగా తగిలినను మైదానము వీడక 81 పరుగులు చేసిరి. ఆడినవి ఏడు టెస్టులే.

టెస్టులు ముగిసినను ఆట ముగియలేదు. 1945–46లో, ఏబదేండ్ల వయస్సున, రంజీ ట్రోఫీ తుదిపోటీలో బరోడాపై 200 పరుగులు చేసి హోల్కారు జట్టునకు విజయము చేకూర్చిరి. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినది. ఆ సంవత్సరమే ఆంధ్రజట్టు రంజీ పోటీలలో అడుగిడినది. ఏబదియెనిమిదేండ్ల నాయుడుగారు వచ్చి ఆ కొత్తజట్టులో ఆడిరి. నాగపురమున పుట్టి, ఇందూరున కీర్తి గడించిన ఆ వృద్ధవీరుడు పూర్వుల గడ్డకు తీర్చిన ఋణ మది. 1956లో పద్మభూషణ పురస్కారము వారిని వరించెను. 1967 నవంబరు 14వ తేదీన ఇందూరున వారు పరమపదించిరి.

వారి పేర నేడు యువకులకు జాతీయ పోటీలు జరుగుచున్నవి. విద్యార్థులు పరుగుల లెక్కతోపాటు మరియొక సంగతియు గ్రహింపవలెను. నాయకత్వము వచ్చినప్పుడు వారు గర్వపడలేదు. అది పోయినప్పుడు బ్యాటు క్రింద పెట్టలేదు. పదవి ఇతరు లిచ్చునది, ఇతరులే తీసికొనునది. అభ్యాసముచే ఆర్జించిన విద్యను మాత్ర మెవ్వరును తీసికొనలేరు.